రాణిగంజ్‌లో ఉద్యోగం వచ్చింది, అందరికీ థాంక్స్

అందరికీ నమస్కారం. ఒకటో తారీఖున సికింద్రాబాద్ రాణిగంజ్‌లో పంపులు, మోటార్లు అమ్మే ఒక హోల్‌సేల్ షాపులో అకౌంటెంట్‌గా చేరాను. జీతం 18,000. ఏసీ ఆఫీసేం కాదు. మెట్ల కింద నా టేబుల్, పక్కనే అట్టపెట్టెల్లో మోటార్లు. అయినా చేతికి అపాయింట్‌మెంట్ లెటర్ ఇచ్చారు, పీఎఫ్ కూడా ఉంది. సాయం చేసినవాళ్లందరికీ ఫోన్ చేసి చెప్పాను గానీ, నలుగురికీ తెలిసేలా చెబితేనే నాకు తృప్తి. అందుకే ఈ పోస్టు.

మాది పార్వతీపురం దగ్గర పల్లె. బీకాం అయ్యాక అమీర్‌పేటలో ట్యాలీ, జీఎస్టీ నేర్చుకున్నాను. అమీర్‌పేట అనగానే సాఫ్ట్‌వేర్ కోర్సులే అనుకుంటారు గానీ, మైత్రీవనం చుట్టుపక్కల మాలాంటి కామర్స్ వాళ్లను పిలిచే బోర్డులూ బాగానే ఉంటాయి. కోర్సు అయ్యాక మొదలైంది అసలు సంగతి. ‘అకౌంట్స్ ఎగ్జిక్యూటివ్’ అని ప్రకటన చూసి మాదాపూర్ వెళితే క్రెడిట్ కార్డులు అమ్మాలన్నారు, నెలకింత టార్గెట్ అన్నారు. ఇంకోచోట డిగ్రీ ఒరిజినల్ సర్టిఫికెట్ తమ దగ్గరే ఉంచాలన్నారు. ఎక్కువమంది మాత్రం చాలా మర్యాదగా ‘మేమే కాల్ చేస్తాం’ అన్నారు. ఆ కాల్ ఎవరికైనా వచ్చిందేమో నాకైతే తెలియదు.

బస్సు ఖర్చు కూడా తక్కువేం కాదు. తెలంగాణలో మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్లకు 2023 డిసెంబర్ నుంచి ఆర్టీసీ ప్రయాణం ఉచితం. కానీ నా ఆధార్‌లో ఉన్నది ఆంధ్రా అడ్రస్. కండక్టర్ కార్డు చూసి, ‘మీది అటువైపా’ అని టికెట్ కొట్టేది. నా పక్క సీటు అమ్మాయి చేతిలో జీరో టికెట్, నా చేతిలో మామూలు టికెట్! మధ్యాహ్నం ఎక్కడుంటే అక్కడికి దగ్గర్లో జీహెచ్ఎంసీ 5 రూపాయల భోజనం దొరికితే అదే. ఆ క్యూలో కూలి పనికి వచ్చినవాళ్లతోపాటు నాలాగే ఫైలు పట్టుకున్నవాళ్లు ఎప్పుడూ కనిపించేవాళ్లు.

ముందుగా మా ఎస్సార్ నగర్ హాస్టల్ ఆంటీకి థాంక్స్. నెలకు 6,500, అయిదో తారీఖులోగా కట్టాలని గేటు లోపలే బోర్డు ఉంటుంది. నేను కట్టలేని నెలల్లో ఆవిడ ఒక్కసారి కూడా అందరి ముందూ అడగలేదు. లెక్కల పుస్తకంలో మిగతావాళ్ల బాకీలు పెన్నుతో ఉండేవి, నాది మాత్రం పెన్సిల్‌తో. ఎందుకాంటీ అంటే, ‘నీది ఎప్పుడు పడితే అప్పుడు చెరిపేసుకోవచ్చు’ అంది. నేను చదివిన అకౌంటెన్సీలో ఈ పద్ధతి లేదు.

ఒకసారి ఒక ఆఫీసువాళ్లు సోమవారం వచ్చి చేరమన్నారు. సంబరంగా స్వీట్లు తెచ్చి హాస్టలంతా పంచాను. ఆదివారం రాత్రి ‘పొజిషన్ హోల్డ్‌లో పెట్టాం’ అని మెసేజ్. మా నాన్నకు ఆ సంగతి చెప్పడం ఆ మెసేజ్ చదవడం కంటే కష్టమైంది. అప్పటికే ఊళ్లో మా పెదనాన్న ‘చదివించింది చాలు, సంబంధం చూడండి’ అని మొదలుపెట్టాడు. నాన్న మాత్రం ‘నువ్వు అక్కడే ఉండమ్మా’ అని ఫోన్ పెట్టేశాడు. హాస్టల్ ఆంటీ అయితే, ‘స్వీట్లు తినేశాం, ఇంక నీకు ఉద్యోగం వచ్చేదాకా ఎక్కడికీ పంపం’ అంది.

నా రూమ్‌మేట్ అక్క నన్ను ఒక గండం నుంచి తప్పించింది. ఒక కన్సల్టెన్సీవాళ్లు వాట్సాప్‌లో ఆఫర్ లెటర్ పంపి, రిజిస్ట్రేషన్ ఫీజు వెంటనే కట్టమన్నారు. అక్క నా ఫోన్ లాక్కుని చూసింది. లెటర్‌లో కంపెనీ పేరు ఒకటి, డబ్బు వేయమన్న ఖాతా ఒక మనిషి పేరు మీద. ‘ఉద్యోగం ఇచ్చేవాడు జీతం ఇవ్వాలి గానీ మన దగ్గర తీసుకోవడమేంటే’ అని ఒకటే తిట్టు. ఇప్పటికే ఇలా డబ్బు కట్టినవాళ్లు ఎవరైనా ఉంటే సిగ్గుపడి ఊరుకోకండి, వెంటనే సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బును ఖాతాలో ఆపే అవకాశం అంత ఎక్కువ.

ఇంక బాలానగర్ సార్. మిషన్ల విడిభాగాలు చేసే ఒక యూనిట్‌లో ఆయన హెడ్ అకౌంటెంట్. ఇంటర్వ్యూలో ప్రశ్నలేం అడగలేదు. ఒక నెల పర్చేజ్ రిజిస్టర్ (కొన్న సరుకు బిల్లుల పుస్తకం), జీఎస్టీఆర్-2బీ (సప్లయర్లు మనకు అమ్మినట్టు జీఎస్టీ పోర్టల్‌లో చూపిన బిల్లుల జాబితా) ప్రింటు ముందు పెట్టి, స్కేలు, ఎర్ర పెన్ను ఇచ్చి పోల్చి చూడమన్నారు. సప్లయర్లు రిటర్న్ వేయక 2బీలోకి రాని బిల్లులు పట్టుకున్నాను. అప్పుడాయన స్కేలు ఒక వరస కింద పెట్టి, ‘దీని సంగతేంటి?’ అన్నారు. ఓనర్‌గారి కారు బిల్లు. రెండు చోట్లా ఉంది, అంకె కూడా సరిపోయింది. కోర్సులో మాకు నేర్పింది అంతవరకే. 2బీలో ఉన్నంత మాత్రాన క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్నును మనం కట్టాల్సిన పన్నులో తగ్గించుకోవడం) రాదనీ, జీఎస్టీ చట్టం సెక్షన్ 17(5) ప్రకారం ఇలాంటి కార్లకు మామూలు వ్యాపారాలు ఆ క్రెడిట్ తీసుకోకూడదనీ టీ చల్లారిపోయేదాకా చెప్పారు. చివర్లో, ‘మాకు అనుభవం ఉన్నవాళ్లు కావాలమ్మా, నిన్ను తీసుకోలేను. ఎందుకు తీసుకోలేదో తెలిస్తే ఇంకోచోట పనికొస్తుందని చెప్పాను’ అన్నారు.

ఆ రోజు సాయంత్రం మెట్రోలో నాకు ఏడుపు రాలేదు. రిజెక్ట్ అయి కూడా హుషారుగా ఇంటికి వెళ్లింది అదొక్కసారే. ‘మేమే కాల్ చేస్తాం’ అన్నవాళ్లలో ఒక్కరైనా ఇలా చెప్పి ఉంటే నేను ఎప్పుడో బాగుపడేదాన్ని కదా అనిపించింది. ఆ తర్వాత సార్ నన్ను శనివారాలు మధ్యాహ్నం వచ్చి పాత ఫైళ్ల మీద ప్రాక్టీస్ చేసుకోమన్నారు. పైసా తీసుకోలేదు. రాణిగంజ్ షాపువాళ్లకు మనిషి కావాలని తెలియగానే నా పేరు చెప్పింది కూడా ఆయనే. ఇక్కడా అదే పరీక్ష పెట్టారు. ఈసారి బిల్లుల్లో కారు లేదు, స్కూటీ ఉంది. ఎర్ర పెన్ను అడిగి తీసుకుని సున్నా చుట్టాను.

సార్, మీ పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయలేదు. హాస్టల్ సందు మొదట్లో ఇడ్లీ బండి బాబాయ్, నీ పాత బాకీ మొదటి జీతంతోనే తీర్చేస్తా. ఆంటీ, ఆ పెన్సిల్ గీతలు నేనే వచ్చి చెరుపుతా.

ఎస్సార్ నగర్, అమీర్‌పేట వైపు ఉన్న కామర్స్ ఫ్రెషర్లు ఎవరికైనా 2బీ పోల్చడం నేర్చుకోవాలనుంటే ఆదివారం సాయంత్రం మా హాస్టల్ దగ్గరికి రండి, నాకు తెలిసినంత చెబుతాను. నెలలో 14 నుంచి 20 దాకా మాత్రం అడగొద్దు. 2బీ వచ్చేది 14న, నెలనెలా పన్ను లెక్క చూపే 3బీ రిటర్న్ గడువు 20న. ఆ వారమంతా మా సేఠ్ ఫోన్లు ఎత్తడానికే సరిపోతుంది.