నోరు మెదపని రెడ్‌క్రాస్ గురించి శీనుకి

శీనూ,

"కళ్లెదుట చిత్రహింసలు జరుగుతుంటే నోరు మెదపనివాళ్లది సేవ ఎలా అవుతుంది?" అని ఫోన్లో గట్టిగా అడిగావు కదరా. ఆ హడావిడిలో సరిగ్గా చెప్పలేకపోయాను. నా మనసులో ఉన్నది అల్జీరియా.

అప్పుడది ఫ్రాన్స్ ఏలుబడిలో ఉండేది. 1954 నవంబరులో అక్కడ స్వాతంత్ర్యం కోసం పోరాడే ఎఫ్ఎల్ఎన్ అనే సంస్థ తిరగబడింది. ఫ్రాన్స్ మాత్రం అది యుద్ధమని ఒప్పుకోలేదు, శాంతిభద్రతల వ్యవహారమంది. యుద్ధం కాదు కాబట్టి దొరికినవాడు యుద్ధఖైదీ కాదు, నేరస్తుడు. అలా ఎంతోమందిని గిలటిన్ (తల నరికే యంత్రం) ఎక్కించారు. యుద్ధాల్లో మనుషుల్ని కాపాడేందుకు చేసుకున్న 1949 జెనీవా ఒప్పందాల్లో, దేశం లోపలి పోరాటాలకు వర్తించే మూడో అధికరణం ప్రకారం రెడ్‌క్రాస్ కమిటీ "మేం వస్తాం" అని అడగొచ్చు, అంతే. రానివ్వడం ప్రభుత్వం ఇష్టం. 1955లో రానిచ్చారు, కానీ చూసింది ప్రభుత్వానికే చెప్పాలి, బయటపెట్టకూడదు.

జైల్లో ఆ కమిటీ ప్రతినిధులు చేసిందేమిటో ఒక్కసారి ఊహించుకో. పడక, తిండి చూశాక, కాపలావాళ్లను బయటికి పంపి ఖైదీతో ఒంటరిగా కూర్చునేవారు. ఎక్కడ కొట్టారు, ఎలా కొట్టారు అని అడిగేవారు. అతని మాట వినడానికి వచ్చిన బయటి మనిషి చాలాసార్లు ఆ ఒక్కడే.

1960 జనవరి 5న వాళ్ల రహస్య నివేదిక లె మోంద్ అనే ఫ్రెంచి పత్రికలో వచ్చేసింది. చిత్రహింసల సంగతి దేశమంతా తెలిసింది, తెలియాల్సిందే. కానీ ఆ తర్వాత దాదాపు ఏడాది పాటు ప్రతినిధులను లోపలికి రానివ్వలేదు. లోపలున్నవాళ్ల గతేంటి చెప్పు? పైగా కమిటీ ఎఫ్ఎల్ఎన్ దగ్గరున్న ఫ్రెంచి బందీల గురించి కూడా అడగాలి. 1958 మేలో ముగ్గురు ఫ్రెంచి సైనికులను చంపేశామని ఎఫ్ఎల్ఎన్ ప్రకటించింది. ఒక పక్షాన్నే తిట్టే మనిషికి రెండో గుమ్మం తెరుచుకుంటుందా?

అయితే ఒక్కచోట నువ్వన్నదే నిజం. సైన్యం దాదాపు 20 లక్షల మంది పల్లె జనాన్ని ఇళ్లలోంచి తరిమి శిబిరాల్లో కుక్కింది. పొలాలు పోయాయి, పసిపిల్లలు రాలిపోయారు. 1959లో ఆ సంగతి రాసింది మిషెల్ రొకార్, తర్వాత ఫ్రాన్స్ ప్రధాని అయినాయనే. అప్పుడాయన కుర్ర అధికారి. అదీ పత్రికలకెక్కాకే కదలిక వచ్చింది. జైలు గదిలో మౌనానికి బదులుగా ఖైదీ దగ్గరికి వెళ్లే వీలు దక్కింది. ఈ శిబిరాల విషయంలో మౌనానికి ఏం దక్కిందో నాకైతే కనిపించట్లేదు.

1965లో వియన్నాలో రెడ్‌క్రాస్ ఏడు మూలసూత్రాలు ప్రకటించినప్పుడు తటస్థతను అలాగే ఉంచారు. నేనైనా ఉంచేవాణ్ణే. నువ్వేమంటావో వివరంగా రాయి, ఫోన్లో వద్దు.

నీ
మూర్తి