పిండం జన్యువులు మార్చకుండా చట్టం తెండి

కేంద్ర ఆరోగ్యశాఖ మంత్రి గారికి,

నమస్కారం. మా బాబుకి తలసేమియా, జన్యులోపం వల్ల వచ్చే రక్తజబ్బు. మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. సూది కనపడగానే చెయ్యి వెనక్కి దాచుకుంటాడు. జన్యు చికిత్స మీద నాకెంత ఆశో మీరే ఊహించండి. కానీ వాడి రక్తకణాలు సరిచేయడం వేరు, పిండం జన్యువులనే మార్చడం వేరు. ఆ మార్పు ఒక్కరితో ఆగదు, వాళ్ల పిల్లలకూ పోతుంది.

2018లో చైనాలో హే జియాన్‌కుయ్ అనే శాస్త్రవేత్త హెచ్‌ఐవీ సోకకూడదని పిండాల్లో సీసీఆర్5 జన్యువు మార్చాడు. కవల ఆడపిల్లలు పుట్టారు. ఆయనకు మూడేళ్ల జైలు పడింది. మరి ఆ పిల్లల సంగతి?

భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2019 మార్గదర్శకాలు దీన్ని నిషేధించాయి. అది చాలదండీ. లింగనిర్ధారణపై 1994లో తెచ్చినట్టే గట్టి చట్టం తెండి. మా బాబులాంటి వాళ్ల చికిత్సకు ప్రభుత్వాసుపత్రుల్లో నిధులివ్వండి.

ఇట్లు,
ఒక తల్లి