చలి లెక్క సరే, తుపాను లెక్క ఏది?

సంపాదకులు గారికి నమస్కారం.

మొక్క కొనేముందు ఫోనులో దాని వివరాలు చూసుకోవడం ఇప్పుడు అందరికీ అలవాటైంది. ఒడిశాలోని మా పర్లాకిమిడిలోనూ అంతే. కడియం మొక్కల వ్యాను వస్తే చాలు, ముందు పేరు అడుగుతారు, తర్వాత ధర, ఆ వెంటనే ఫోను తీస్తారు. అక్కడ కనిపించింది నమ్మి డబ్బు పెడతారు, ఏళ్ల తరబడి పెంచుతారు. అందుకే ఉద్యాన శాఖలు, విశ్వవిద్యాలయాలు ఆన్‌లైన్‌లో పెట్టే మొక్కల వివరాలు ఎలా ఉండాలో మాలాంటి పెంపకందార్లు కూడా చెప్పాలి.

చాలా ఆన్‌లైన్ పట్టికల్లో చలికి ప్రత్యేకంగా ఒక గడి ఉంటుంది. అది అమెరికా వ్యవసాయ శాఖ వేసిన లెక్క. శీతకాలంలో చలి ఎంతవరకు దిగుతుందో చూసి ప్రాంతాలను 13 మండలాలుగా విభజించారు. మంచు కురిసే దేశంలో అది లేకపోతే తోట లేదు. మన దగ్గర చెట్టును తీసేది గాలి. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, మూడూ అక్టోబరులోనే వచ్చాయి. తిత్లీ పలాస దగ్గర తీరం దాటి, ఉద్దానంలో కొబ్బరినీ జీడినీ నేలకూల్చి, మా గజపతి జిల్లా కొండల మీద పడింది. ఆ గాలికి ఏ చెట్టు వేళ్లతో సహా లేచిపోయింది, ఏది కొమ్మలు పోగొట్టుకున్నా మళ్లీ చిగురు వేసింది, ఏపుగా పెరగనిచ్చిన మామిడి ఏమైంది, కత్తిరిస్తూ పొట్టిగా ఉంచిన మామిడి ఏమైంది? ఏ ఊరి రైతును అడిగినా చెబుతాడు. నేను చూసిన ఏ పట్టికలోనూ ఈ ముక్క లేదు. గాలికి తట్టుకుంటుందా, ఇంటి గోడకు ఎంత దూరంలో నాటాలి, పడిపోతే నిలబెట్టి బతికించుకోవచ్చా అన్న మూడు సంగతులు ప్రతి చెట్టు పేజీలోనూ ఉండాలి.

మరో లోటు ఉంది. మొక్కను బతికించే మాట పేజీలో ఎక్కడో అడుగున ఉంటుంది, లేదంటే అసలుండదు. శ్రీగంధం సంగతే చూడండి. దాని వేరు పక్క మొక్క వేరును పట్టుకుని కొంత ఆహారం తీసుకుంటుంది. అందుకని నర్సరీవాళ్లు ఆ నల్ల కవరులోనే గంధం మొక్క పక్కన కంది మొక్కో పొన్నగంటో పెంచి ఇస్తారు. కొన్నవాళ్లు ఇంటికి తెచ్చి, కలుపు అనుకుని ఆ తోడు మొక్కను శుభ్రంగా పీకేస్తారు. గంధాన్ని ఒంటరిగా నాటి రోజూ నీళ్లు పోస్తారు. అది ఎదగకుండా నిలిచిపోతే నర్సరీవాణ్ణి తిడతారు. ఆకు ఎంత పొడవు, పువ్వు ఏ రంగు అని చెప్పేకంటే ముందు ‘పక్కనున్న మొక్కను పీకకండి’ అని చెప్పాలి కదా. ఆగాకరకూ ఇలాంటి తిప్పలే. దానిలో ఆడ తీగ వేరు, మగ తీగ వేరు. కాయనిది ఎందుకని మగ తీగలన్నీ తీసేస్తే ఆడపూలు పిందె కట్టకుండా రాలిపోతాయి.

ఫొటోల విషయానికొస్తే, నిండుగా పూసిన చెట్టు బొమ్మ చూడ్డానికి బాగుంటుంది. కొనేవాడి చేతిలో ఉన్నది మాత్రం నాలుగాకుల మొక్క. ఆ దశలో తీసిన ఫొటో తప్పనిసరిగా పెట్టాలి.

పేరు కొట్టి వెతికేటప్పుడు ప్రమాదమూ లేకపోలేదు. గన్నేరు అని కొడితే గన్నేరు, పచ్చగన్నేరు, బిళ్ళగన్నేరు, దేవగన్నేరు నాలుగూ పక్కపక్కనే ఫొటోలతో రావాలి. మొదటి రెండూ గుండెను దెబ్బతీసే విషమున్నవి. షుగరుకు బిళ్ళగన్నేరు ఆకు నమలమని వాట్సాప్‌లో తిరిగే సలహా చదివి ఎవరో ఏ గన్నేరు ఆకో తుంచితే ఏం గతి? బిళ్ళగన్నేరు నుంచి కాన్సరు మందులు తీస్తున్న మాట నిజమే గానీ, ఇంట్లో నమలడానికి అదీ పనికిరాదు. విషం సంగతి ఎర్ర అక్షరాలతో, పేరు పక్కనే రాయాలి. అలాగే శాస్త్రీయ నామాలు మారినప్పుడు పాతది కొట్టినా సరైన పేజీ తెరుచుకోవాలి. స్నేక్ ప్లాంట్‌కు నర్సరీ చీటీ మీద ఇంకా సాన్సెవీరియా అనే ఉంటుంది, శాస్త్రవేత్తలు దాన్ని ఎప్పుడో డ్రసీనా ప్రజాతిలో కలిపేశారు. లండన్‌లోని క్యూ ఉద్యానవనం ఆన్‌లైన్ జాబితాలో పాత, కొత్త పేర్లు కలిపే ఉన్నాయి. ఆ పని మనవాళ్లు మళ్లీ మొదటి నుంచి చేయక్కర్లేదు. గుజరాత్ 2023లో నాటడం నిషేధించిన కోనోకార్పస్ లాంటి మొక్కలకు ఆ సంగతి పేజీ పైనే కనబడాలి.

ఇదంతా భువనేశ్వర్‌లోనో వెంకటరామన్నగూడెంలోనో ఉన్న విశ్వవిద్యాలయాల్లో కూర్చుని రాస్తే వచ్చేది కాదు. మాదీ, పక్కనే ఆంధ్రలో ఉన్న పాతపట్నానిదీ ఒకే నేల, ఒకే వాన. అయినా అక్కడి సమాచారం తెలుగులో, ఇక్కడిది ఒడియాలో వేర్వేరుగా ఉంటుంది. ఒడిశా వ్యవసాయ, సాంకేతిక విశ్వవిద్యాలయం, ఆంధ్రలోని ఉద్యాన విశ్వవిద్యాలయం కలిసి సరిహద్దు జిల్లాలకు ఒకే పట్టిక తయారు చేయాలి. దానిలో తెలుగు, ఒడియా, సవర పేర్లు మూడూ ఉండాలి. జిల్లా పేరు ఒక్కటే రాస్తే చాలదు, ఎత్తు కూడా రాయాలి. 1,501 మీటర్ల మహేంద్రగిరి ఉన్న జిల్లాలో కింద పొలంలో కాసేది పైన కాయకపోవచ్చు. నర్సరీవాళ్లు, రైతులు, కొండ ఊళ్ల పెద్దలు ఏ నెలలో నాటారో, ఏ నెలలో పూసిందో ఫొటోతో పంపే వీలుండాలి. నిపుణులు సరిచూశాకే అది పేజీకి ఎక్కాలి, సరిచూసిన తేదీ కనిపించాలి. అడవిలో అరుదైన మందు మొక్కలు, కొమ్మల మీద పెరిగే ఆర్కిడ్లు ఎక్కడున్నాయో మాత్రం దయచేసి బయటపెట్టవద్దు. చోటు తెలిస్తే తవ్వుకుపోయేవాళ్లు సిద్ధంగా ఉంటారు.

ముందు జీడి, మామిడి, పనస, కొబ్బరి, మునగ ఈ ఐదింటి పేజీలు బాగుచేసినా మాకు ఎంతో మేలు. రెండు రాష్ట్రాల ఉద్యాన అధికారులు వచ్చే తొలకరిలోగా ఈ పని మొదలుపెట్టాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. తిత్లీకి పడిన చెట్లు, నిలిచిన చెట్ల వివరాలు చెప్పడానికి మా వీధిలో మొక్కలు పెంచేవాళ్లమంతా సిద్ధంగా ఉన్నాం.

– ఒక పాఠకురాలు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా