పిల్లరులో రింగులు లెక్కపెట్టేదెవరు?

సంపాదకుల వారికి,

నమస్కారం. 2024 డిసెంబరు 4న ఉదయం 7 గంటల 27 నిమిషాలకు ములుగు వైపు 5.3 తీవ్రతతో భూమి కంపించినప్పుడు, ఇక్కడ విజయవాడలో మా అపార్టుమెంటు వాళ్లమంతా మెట్లు దిగి పరుగెత్తుకొచ్చి కింద కార్ల పార్కింగులో చేరాం. కొందరి చంకన పిల్లలు, కొందరి నోట్లో ఇంకా టూత్ బ్రష్షులు. ఎవరో ఫోనులో చూసి "ఎక్కడో ములుగులోనట" అనగానే అంతా నవ్వుకుని పైకి పోయి టిఫిన్లు చేశాం. భూకంపం గట్టిగా వస్తే మొట్టమొదట కూలేది ఆ పార్కింగు అంతస్తేనని ఆ రోజు నాకు తెలియదు. తెలిసుంటే మరో పది అడుగులు వేసి రోడ్డు మీదకి పోయేవాణ్ణి.

"మన దగ్గర అంత పెద్దవి రావండీ" అని మా అసోసియేషన్ మీటింగులో ఒక పెద్దాయన తేల్చేశారు. 1969లో భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో వచ్చింది, 1967లో ఒంగోలులో వచ్చింది, ఏమైందని ఆయన వాదన. అహ్మదాబాదు వాళ్లు కూడా 2001 జనవరి 25 దాకా అలాగే అనుకుని ఉంటారు. మర్నాడు ఉదయం 8.46కి భుజ్ వైపు 7.7 తీవ్రతతో భూమి కదిలింది. 200 కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న అహ్మదాబాదులో అపార్టుమెంట్లు కూలి 700 మందికి పైగా పోయారు. వాటిలో ఎక్కువ భాగం మా అపార్టుమెంటు లాంటివే. కింద పార్కింగు కోసం ఒట్టి పిల్లర్లు, పైన నాలుగంతస్తుల ఇళ్లు. ఇంకో మాట కూడా చెప్పాలి. భూకంపాన్ని తట్టుకునేలా భవనాలు ఎలా డిజైన్ చేయాలో చెప్పే భారత ప్రమాణం ఐ.ఎస్. 1893 (2016). ముప్పును బట్టి దేశాన్ని జోన్లుగా విడదీసిన దాని మ్యాపులో అహ్మదాబాదు జోన్ 3లో ఉంది. విజయవాడా జోన్ 3లోనే ఉంది. వాళ్లది సబర్మతి ఒండ్రు నేల, మనది కృష్ణ ఒండ్రు నేల. మెత్తటి నేల దూరపు కుదుపుల్ని కూడా పెంచి చూపిస్తుంది. నిరుడు 2025 మార్చి 28న మయన్మార్‌లో వచ్చిన భూకంపానికి 1000 కిలోమీటర్ల అవతల బ్యాంకాక్‌లో, కడుతున్న 30 అంతస్తుల పైచిలుకు భవనం కుప్పకూలడం అందరం వీడియోల్లో చూశాం.

పార్కింగు అంతస్తుకే ఎందుకు ముప్పంటే, నేల పక్కకు జరిగినప్పుడు పైనున్న బరువంతా ఉన్నచోటే ఉండిపోవాలని చూస్తుంది. పైఅంతస్తుల్లో పిల్లర్ల మధ్య ఇటుక గోడలున్నాయి కాబట్టి ఆ ఇళ్లన్నీ కలిసి ఒకే పెట్టెలా కదులుతాయి. ఆ ఊగుడు మొత్తం గోడల్లేని కింది పిల్లర్ల నెత్తిన పడుతుంది. అవి తట్టుకోలేకపోతే పైనున్న ఇల్లు ఇల్లుగానే దిగి కార్ల మీద కూర్చుంటుంది. భుజ్ తర్వాత 2002లో సవరించిన ఐ.ఎస్. 1893 ఇలాంటి అంతస్తులో పిల్లర్లను, బీముల్ని లెక్కకొచ్చిన బలం కంటే రెండున్నర రెట్లకు డిజైన్ చేయాలని ఊరికే చెప్పలేదు. వాచ్‌మన్ గదికనో జనరేటరుకనో రెండు పిల్లర్ల మధ్య నడుమెత్తు గోడ లేపే అలవాటు కూడా మనకుంది. గోడ పట్టేసిన మేర పిల్లరు కదల్లేదు, పైన మిగిలిన కాస్త భాగమే ఊగాలి. విరిగేది అక్కడే.

ఇక అసలు సంగతి. పిల్లరు బలమంటే మనకు లావు చువ్వలే గుర్తొస్తాయి. బ్రోచర్లలోనూ ఏ కంపెనీ స్టీలో, ఏ కంపెనీ సిమెంటో రాస్తారు. చువ్వల చుట్టూ కట్టే సన్నపాటి రింగుల ఊసు ఎవరూ ఎత్తరు. బండి చక్రానికి ఇనప పట్టా ఎలాగో పిల్లరుకు ఆ రింగులు అలాగ. భవనం ఊగుతున్నప్పుడు పైపెచ్చు రాలిపోతుంది, చువ్వలు బయటికి ఉబ్బుతాయి. లోపలి కాంక్రీటు చెదిరిపోకుండా పట్టి ఉంచేది రింగే. అందుకే పిల్లరు బీముతో కలిసేచోట రింగులు నాలుగు అంగుళాలకు మించి ఎడంగా ఉండకూడదు. రింగు కొస 135 డిగ్రీలు వంగి పిల్లరు కడుపులోకి పోవాలి. ఎల్ ఆకారంలో వంచి వదిలేస్తే, పైపెచ్చు రాలిన మరుక్షణం ఆ కొస తెరుచుకుంటుంది. ఈ వివరాలు చెప్పే ఐ.ఎస్. 13920 ప్రమాణం మన జోన్ 3కీ వర్తిస్తుంది.

మొన్న పైపు కోసం మా పార్కింగులో ప్లంబరు ఒక పిల్లరు పైభాగాన ఉలి పెట్టాడు. (అడ్డుకోవడం నా చేత కాలేదు, అది వేరే గొడవ.) పెచ్చు ఊడినచోట రెండు రింగులు బయటపడ్డాయి. మధ్యలో నా జాన సరిగ్గా పట్టింది. మా బిల్డింగు పాతది, అయిపోయింది. పార్కింగు మూలల్లో రెండు దిక్కులా కాంక్రీటు గోడలు లేపడం, పిల్లర్లకు చుట్టూ మరో పొర వేసి లావు చేయించడం లాంటి ఉపాయాలు ఉన్నాయి గానీ, లిఫ్టు మరమ్మతుకే చందాలు రాని మా అసోసియేషన్‌లో ఆ మాట ఎత్తాలంటే ధైర్యం కావాలి.

కొత్తవాటి సంగతి వేరు. సెట్‌బ్యాకు (భవనం చుట్టూ వదలాల్సిన ఖాళీ) రెండడుగులు తగ్గితే నోటీసు వస్తుంది, ప్లాను మీద స్ట్రక్చరల్ ఇంజినీరు సంతకం లేకపోతే ఫైలు కదలదు. సంతకం పెట్టిన డ్రాయింగులో ఉన్న రింగు పిల్లరులోకి వచ్చిందా లేదా చూసే మనిషే లేడు. నేను మున్సిపల్ శాఖను కోరేది చిన్న పని. పిల్లరుకు సెంట్రింగ్ రేకులు (కాంక్రీటు పోసే అచ్చు) బిగించే ముందు, బిల్డరు జీతగాడు కాని ఒక ఇంజినీరు వచ్చి రింగుల ఎడం, కొసల వంపు టేపు పెట్టి ఫొటో తీయాలి. ఆ ఫొటోలు ఫైలుకు చేరితేనే పై స్లాబుకు అనుమతి ఇవ్వాలి. అవే ఫొటోలు ఫ్లాటు కొనేవాళ్లకూ చూపించాలి. పిల్లరుకు పది నిమిషాల పని. కాంక్రీటు పోశాక మాత్రం ఎవరూ చూడలేరు.

మా ఎదుటి స్థలంలో ఇప్పుడు పునాదులు లేచాయి. పోయిన శనివారం వెళ్లి చూస్తే రింగుల కొసలన్నీ ఎల్ ఆకారంలోనే ఉన్నాయి. మేస్త్రిని అడిగితే, "లోపలికి వంచితే కాంక్రీటు మాలు దిగదు సార్, ఇరవయ్యేళ్ల నుంచి ఇట్లాగే కడుతున్నాం" అన్నాడు. బతిమాలితే నా ముందే రెండు పిల్లర్లకు వంచి చూపించాడు, విసుక్కుంటూనే. మిగతా పన్నెండు పిల్లర్లకు సోమవారం పొద్దున్నే కాంక్రీటు పోసేశారు.

ఇట్లు,
ఒక ఫ్లాటు యజమాని,
విజయవాడ