మేడ మీది సోలార్: సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది కమిటీని ఎక్కువమంది అడిగిన ప్రశ్న: "మేడ మీద సోలార్ ఉండగా కరెంటు పోతే లిఫ్ట్ ఎందుకు ఆగుతోంది?" మనది బ్యాటరీ లేకుండా గ్రిడ్‌కు, అంటే వీధిలోంచి వచ్చే కరెంటు లైన్‌కు, కలిపిన సిస్టమ్. లైన్‌లో కరెంటు పోగానే, ప్యానెళ్ల కరెంటును ఇళ్లలో వాడే కరెంటుగా మార్చే ఇన్వర్టర్ తనంతట తానే ఆగిపోతుంది. ఆగకపోతే మన కరెంటు లైన్‌లోకి వెళ్లి, రిపేరుకు స్తంభం ఎక్కిన మనిషి ప్రాణాల మీదికి వస్తుంది. ఈ సంగతి ప్యానెళ్లు పెట్టేముందే చెప్పాల్సింది. చెప్పకపోవడం కమిటీ తప్పే.

బ్యాటరీ సంగతీ చూశాం. లెడ్ యాసిడ్ చవక, కానీ నాలుగైదేళ్లకు మార్చాలి, డిస్టిల్డ్ వాటర్ పోస్తుండాలి. లిథియం 10 ఏళ్లు దాటి నిలుస్తుంది గానీ మొదట్లోనే ఖర్చెక్కువ. పైగా లిఫ్ట్ మోటార్ స్టార్టింగ్‌లో లాగే లోడ్‌కు తగ్గ ఇన్వర్టర్ కావాలి. ప్రస్తుతానికి వాయిదా వేశాం.

వేసవిలో యూనిట్లు తగ్గేసరికి అందరికీ టెన్షన్. కొంత తగ్గడం మామూలే. ప్యానెల్ మీద రాసే వాట్లు 25 డిగ్రీల లెక్క. ఆపైన పెరిగే ప్రతి డిగ్రీకీ 0.3 నుంచి 0.4 శాతం దాకా తగ్గుతుంది. మండుటెండలో ప్యానెల్ 60 డిగ్రీలకు చేరితే పదో వంతుకు పైగా పోయినట్టే. దుమ్ము వల్ల ఇంకొంత. బోరు నీళ్లతో కడిగిస్తే తెల్లటి చారలు పట్టాయి, వాటిని వదిలించడం మరో పని అయింది. ఇప్పుడు తెల్లవారుజామున, ప్యానెళ్లు చల్లగా ఉన్నప్పుడే, ఉప్పులేని నీళ్లు, మెత్తటి బ్రష్‌తో కడిగిస్తున్నాం.

అయినా ఒక వరుస మాత్రం కోలుకోలేదు. వైర్లన్నీ వెతికాక, రెండు వేర్వేరు కంపెనీల కనెక్టర్లు జతచేసిన చోట వేడెక్కి కమిలిన గుర్తులు కనిపించాయి. ఎలక్ట్రీషియన్‌తో మార్పించాం. ఎండ ఉన్నంతసేపూ ఆ వైర్లలో కరెంటు ఉంటుంది, ఎవరూ ముట్టుకోవద్దు.

ప్యానెళ్లకు 25 ఏళ్ల వారంటీ ఉన్నా ఇన్వర్టర్ సాధారణంగా పనిచేసేది 10, 12 ఏళ్లే. అందుకని కరెంటు బిల్లులో మిగిలిన దాంట్లోంచి నెలనెలా కొంత దాని పేరున పక్కన పెడుతున్నాం. ఈ డబ్బును రంగులకూ పండగలకూ వాడొద్దని కమిటీ మనవి.

ఒక్క ప్యానెల్ మీద నీడ పడినా దాని వరుస మొత్తం దెబ్బతినొచ్చు. మధ్యాహ్నం దాకా దుప్పట్ల నీడ పడుతున్న దండెం ఈ వారమే ప్యానెళ్ల వెనక్కి మారుస్తున్నాం.