పట్టికలో చివరి గడి చూసి ఉపాంశం ఎంచుకోండి

సంపాదకులు గారికి,

జిల్లా స్థాయి వైజ్ఞానిక ప్రదర్శనలకు ఎంట్రీలు పంపేటప్పుడు పిల్లలూ గైడ్ టీచర్లూ ఎక్కువగా తడబడేది ఉపాంశం దగ్గరే, అంటే ప్రాజెక్టును ఏ విభాగం కింద నమోదు చేయాలన్న దగ్గరే. బల్ల మీద ఆకు కనబడితే వృక్షశాస్త్రం, వైరు కనబడితే టెక్నాలజీ, నీళ్లు కనబడితే పర్యావరణం అని రాసేస్తున్నారు. వాడిన వస్తువును బట్టి కాదు, కొలిచినదాన్ని బట్టి ఉపాంశం తేలాలి. రికార్డు పుస్తకంలో గీసిన పట్టికలో చివరి నిలువు గడి చూడండి. అక్కడ ఏ అంకెలు నింపుతున్నారో తెలిస్తే చాలావరకు చిక్కు వీడుతుంది.

మునగ గింజలతో బురదనీళ్లు తేర్చే ప్రాజెక్టునే తీసుకుందాం. చెట్టు మీదే ఎండిన కాయల్లోని గింజలు ఒలిచి, లోపలి తెల్లపప్పును మెత్తగా దంచాలి. బడిలోని తక్కెడ 50 మిల్లీగ్రాములు తూచలేదు కాబట్టి, 1 గ్రాము పొడిని 100 మిల్లీలీటర్ల నీళ్లలో బాగా కలిపి గుడ్డలో వడకట్టాలి. ఆ ద్రావణం 5 మిల్లీలీటర్లు పోస్తే 50 మిల్లీగ్రాముల పొడి మోతాదు అన్నమాట. లీటరు చొప్పున ఒకే బురదనీళ్లు పోసిన అయిదు పాత్రల్లో ఒకదాన్ని అలాగే వదిలేసి, మిగతావాటిలో 5, 10, 20, 40 మిల్లీలీటర్లు పోయాలి. నిమిషం వేగంగా, పది నిమిషాలు నెమ్మదిగా కలిపి గంటసేపు కదపకుండా ఉంచాలి. మసకను కొలిచే మీటరు లేకపోతే, అడుగు చదునుగా ఉన్న పొడవాటి గాజు గొట్టం కింద ఇంటూ గుర్తు వేసిన కాగితం పెట్టి, పైన తేరిన నీటిని కొంచెం కొంచెంగా పోస్తూ, గుర్తు కనబడకుండా పోయిన ఎత్తును సెంటీమీటర్లలో రాసుకోవచ్చు. ఇదంతా కనీసం మూడుసార్లు చేయాలి. ద్రావణం ఏ రోజుకారోజు తాజాగా కలుపుకోవాలి.

ఇక్కడ చివరి గడిలో ఉన్నది ఆ ఎత్తు. గింజలోని ధనావేశపు ప్రొటీన్లు రుణావేశమున్న మట్టి రేణువులను గుమికూర్చి అడుక్కి దించుతున్నాయి. కాబట్టి ఇది రసాయనశాస్త్రం. మోతాదు మితిమీరితే రేణువులకే ధనావేశం వచ్చి, ఒకదాన్నొకటి నెట్టుకుని మళ్లీ తేలుతాయి, నీరు మసకబారుతుంది. ఈ ఫలితాన్ని పిల్లలు ‘తప్పు వచ్చింది’ అని కొట్టేస్తుంటారు. నిజానికి ఆ ప్రాజెక్టులో అన్నిటికన్నా విలువైన అంకె అదే.

అదే నీటిని అగార్ ప్లేట్ల (బ్యాక్టీరియా పెరిగే జెల్లీ పోసిన మూత పళ్లేల) మీద వేసి బ్యాక్టీరియా సమూహాలను లెక్కిస్తే సూక్ష్మజీవశాస్త్రం. తేటగా ఉన్న నీళ్లన్నీ తాగే నీళ్లు కావు. తాగునీటికి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం 100 మిల్లీలీటర్లలో కోలిఫాం (నీరు కలుషితమైందని సూచించే బ్యాక్టీరియా) ఒక్కటి కూడా కనబడకూడదు. ఈ పని ఇంట్లో చేయకూడదు. టీచరు పర్యవేక్షణలో ల్యాబ్‌లోనే చేయాలి. ప్లేటుకు టేపు అంటించాక మళ్లీ తెరవకూడదు. ఆ వసతి లేని బడి ఈ విభాగం జోలికి వెళ్లకపోవడమే మంచిది. ఇసుక, గులకరాళ్ల పొరలతో డ్రమ్ము ఫిల్టరు కట్టి గంటకు ఎన్ని లీటర్లు దిగుతున్నాయో కొలిస్తే ఇంజినీరింగ్. అప్పుడు మొదటి నమూనా ఎక్కడ విఫలమైందో, రెండోదాంట్లో ఏం మార్చారో చూపాలి. వేర్వేరు చెట్ల గింజలను పోల్చితే వృక్షశాస్త్రం.

నేల తేమ సెన్సరుతో మోటారు దానంతటదే ఆగిపోయే ఏర్పాటు విషయంలోనూ ఇదే పొరపాటు జరుగుతోంది. టమాటా మొక్క పక్కన పెట్టారని వ్యవసాయం కింద వేస్తారు. చూపేది మాత్రం సర్క్యూటు. సెన్సరుతో ఒకటి, లేకుండా ఒకటి రెండు మడులు వేసి, వాడిన నీళ్లు, వచ్చిన కాయల బరువు రాస్తేనే అది వ్యవసాయం. సెన్సరు రీడింగుకూ, మట్టిని ఆరబెట్టి తూచి లెక్కగట్టిన తేమకూ తేడా ఎంతో చూపితే ఎలక్ట్రానిక్స్. చవక రకం రెండు పుల్లల సెన్సరు కరెంటు ప్రవహించే కొద్దీ తుప్పుపట్టి రీడింగు తప్పుతుంది. రీడింగు తీసేటప్పుడే కరెంటు ఇవ్వాలి, లేదా లోహం మట్టికి నేరుగా తగలని కెపాసిటివ్ రకం వాడాలి.

ఉపాంశాన్ని బట్టే న్యాయనిర్ణేతలు వస్తారు. సర్క్యూటు కట్టిన పిల్లను వృక్షశాస్త్ర అధ్యాపకుడు వేర్ల గురించి అడిగితే ఆమె నోరు మెదపలేదు, మార్కులు పోతాయి. పోటీ తక్కువని ఉపాంశం మార్చినా జరిగేది ఇదే.

నిర్వాహకులకు మా విన్నపం: ఎంట్రీ ఫారంలో ఉపాంశం గడికి ముందు ‘మీ ప్రశ్న ఏమిటి? ఏం మార్చారు? ఏం కొలిచారు?’ అని మూడు వరుసలు చేర్చండి. నమోదు రోజున ఒక సబ్జెక్టు టీచరు వాటిని చదివి, అవసరమైతే అప్పటికప్పుడే ఉపాంశం మార్చుకునే వీలు కల్పించండి.

– ఇద్దరు సైన్స్ ఉపాధ్యాయులు, ఖమ్మం జిల్లా