ఐదు రోజుల తర్వాత ఆ తల్లీబిడ్డలు ఎక్కడికి పోవాలి?

సంపాదకులు గారికి నమస్కారం.

మా వీధిలో నాలుగు ఇళ్లలో పనిచేసుకునే ఒక అమ్మాయి మొన్నటి వానాకాలంలో రాత్రి పదకొండు దాటాక మా తలుపు తట్టింది. వెంట పదమూడేళ్ల కొడుకు, ఏడేళ్ల కూతురు ఉన్నారు. తెగిన చెవి తమ్మెను కొంగుతో అదిమి పట్టుకుని, "టీచరమ్మా, ఈ ఒక్క రాత్రి వరండాల పండుకుంటం" అన్నది. పిల్లవాడి భుజాన బడి సంచి ఉంది. అందులోంచి పుస్తకాలు తీసేసి చెల్లెలి బట్టలు కుక్కుకుని వచ్చాడు. మరునాడు మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేసి, వాళ్లు చెప్పిన చోటికి నేనే వెంటబెట్టుకుని తీసుకెళ్లాను. అక్కడివారు ఆదరంగానే మాట్లాడారు, చెవికి కుట్లు వేయించారు. అయితే తల్లినీ ఆడపిల్లనూ ఐదు రోజులు ఉంచుకోగలమనీ, పెద్ద పిల్లవాణ్ని వేరే బాలుర వసతి గృహానికి పంపాలనీ చెప్పారు. ఆమె కొడుకు చేయి వదల్లేదు. ఆ సాయంత్రమే ముగ్గురూ మళ్లీ ఆ ఇంటికే వెళ్లిపోయారు.

ఆ ఉద్యోగులను నేను తప్పుపట్టడం లేదు, వాళ్లు తమకున్న నిబంధననే చెప్పారు. నా బాధంతా ఆ నిబంధన గురించే. హింసకు గురైన స్త్రీలను ఆదుకోవడానికి 2015లో మొదలైన ప్రభుత్వ సఖి కేంద్రాల్లో తాత్కాలిక ఆశ్రయానికి గడువు ఐదు రోజులు. 2005 నాటి గృహహింస చట్టం ప్రకారం మేజిస్ట్రేటు మొదటి విచారణను సాధారణంగా మూడు రోజుల్లోపు చేపట్టి, ఆ విచారణ తేదీ నుంచి అరవై రోజుల్లో కేసు తేల్చడానికి ప్రయత్నించాలి. కోర్టుల మెట్లెక్కినవారికి ఆ అరవై రోజులు ఎన్ని నెలలవుతాయో తెలుసు. న్యాయం కోసం చట్టమే రెండు నెలలు ఆగమంటున్నప్పుడు, ఆరో రోజు నుంచి ఆమె ఎక్కడ తల దాచుకోవాలి?

ఎక్కువ కాలం ఉండటానికి వేరే గృహాలు లేకపోలేదు. ఆదరువు లేని స్త్రీల కోసం పెట్టిన స్వాధార్ గృహాల మార్గదర్శకాల్లో గృహహింస బాధితులు ఏడాది వరకు ఉండవచ్చని రాశారు, అదే చోట మగపిల్లలకు ఎనిమిదేళ్ల వయోపరిమితి కూడా పెట్టారు. 2022లో కేంద్ర ప్రభుత్వ మహిళా పథకమైన మిషన్ శక్తి కింద అవే శక్తి సదన్‌లయ్యాయి. అయితే అక్రమ రవాణా నుంచి కాపాడిన వారినీ, ఇల్లూ వాకిలీ లేనివారినీ, భర్త కొట్టి తరిమిన ఇల్లాలినీ ఒకే కప్పు కింద, ఒకే కట్టుబాటుతో ఉంచితే, పనికి పోవాల్సిన ఆడమనిషి అక్కడ నిలవలేదు. వారం రోజులు కనిపించకపోతే ఇళ్లవాళ్లు వేరే మనిషిని పెట్టుకుంటారు. ఆ నాలుగిళ్ల జీతమే ఆమెకు రేపటి అద్దె. ఆ అద్దె గది కోసం తిరిగినా, "మీ ఆయన ఏం చేస్తడు?" అన్న ప్రశ్నకు జవాబు చెప్పలేని ఆడదానికి ఈ నగరంలో గది దొరకడం ఎంత కష్టమో వేరే చెప్పనక్కర్లేదు.

ఆమె ఇల్లు వదిలి ఎందుకు పోవాలి, కొట్టినవాణ్నే బయటికి పంపాలి కదా అని కొందరు అడుగుతారు. నిజమే. చట్టంలోని 17వ సెక్షన్ కాపురమున్న ఇంట్లో ఉండే హక్కు ఇచ్చింది, 2020లో సుప్రీంకోర్టు ఆ ఇల్లు అత్తమామల పేరున ఉన్నంత మాత్రాన ఆ హక్కు పోదని కూడా తేల్చింది. అవసరమైతే భర్త చేత వేరే ఇల్లు ఇప్పించమని 19వ సెక్షన్ అంటుంది. కానీ ఆ ఉత్తర్వు చేతికి వచ్చేదాకా ఆమె ప్రాణంతో ఉండాలి కదా! పుట్టింటివారు రెండు రోజులు పెట్టుకుని మూడో రోజు "సర్దుకుపో బిడ్డా" అని దిగబెట్టి వస్తారు. ఠాణాలో కౌన్సెలింగ్ పేరిట కూర్చోబెట్టి ఒప్పందం రాయిస్తారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 18-49 ఏళ్ల వివాహిత స్త్రీలలో 36.9 శాతం మంది భర్త చేతి హింసను చవిచూశామని చెప్పారు. హింసకు గురైనవారిలో ఎవరినైనా సాయం అడిగినవారు దేశం మొత్తం మీద 14 శాతమే. అడిగి కూడా వెనక్కి వచ్చిన ఒక్కరిని చూస్తే, మిగతావారు ఎందుకు అడగరో తెలిసిపోతుంది.

2006 నాటి నిబంధనల్లో రెండు మంచి మాటలున్నాయి: ముందుగా గృహహింస నివేదిక నమోదు కాలేదన్న కారణంతో ఆశ్రయ గృహం ఆమెను తిప్పిపంపకూడదు, ఆమె కోరితే తానక్కడ ఉన్న సంగతి భర్తకు చెప్పకూడదు. ఇవి ఠాణాల గోడల మీద, బస్తీ దవాఖానాల్లో, ప్రసూతి ఆసుపత్రుల్లో తెలుగులోనూ ఉర్దూలోనూ కనిపించాలి. ఆధార్ కార్డు అడగడమూ మానాలి. పారిపోయి వచ్చే మనిషి బీరువా తాళం తీసి కాగితాలు సర్దుకుని రాదు.

మహిళా శిశు సంక్షేమ శాఖను నేను కోరేది పెద్ద భవనాలు కట్టమని కాదు. నగరంలో నాలుగైదు చోట్ల, బస్సు సౌకర్యం ఉన్న పేటల్లో, బోర్డు పెట్టకుండా, ఒక్కో కుటుంబానికి ఒక గది, తాళం చెవి, వంట చేసుకునే వీలు ఉండేలా కొన్ని ప్రభుత్వ క్వార్టర్లు కేటాయించాలి. తల్లి పగలు పనికి వెళ్లి రావాలి, పిల్లలు సంవత్సరం మధ్యలోనైనా దగ్గరి సర్కారు బడిలో చేరగలగాలి, కేసులో ఉత్తర్వు అమలయ్యేదాకా ఎవరూ వాళ్లను ఖాళీ చేయించకూడదు. అన్నిటికంటే ముందు, పద్దెనిమిదేళ్లలోపు కొడుకును తల్లితోనే ఉంచాలి. ఆడవాళ్లుండే చోట ఎదిగిన పిల్లవాడు ఉంటే ఇబ్బంది అన్న మాటలో నిజం లేకపోలేదు, అందుకే వేరు వేరు గదులు అడుగుతున్నాను. తల్లి మీద పడే దెబ్బలకు అడ్డుపడే వయసు వచ్చిన పిల్లవాణ్ని ఆమె ఆ ఇంట్లో వదిలి రాదు, ముక్కూమొహం తెలియని వసతి గృహానికీ పంపదు.

హైదరాబాద్‌లో పదమూడేళ్ల కొడుకుతో కలిపి తల్లిని చేర్చుకునే ఆశ్రయం ఎన్ని చోట్ల ఉందో, అందులో ఎన్ని నెలలు ఉండనిస్తారో, రాత్రివేళ ఏ నంబరుకు ఫోన్ చేస్తే బండి వస్తుందో శాఖాధికారులు మీ పత్రిక ద్వారా తెలియజేయాలని కోరుతున్నాను. ఆ వివరం తెలిస్తే నేనే వెళ్లి ఆ అమ్మాయికి చెబుతాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
బోరబండ, హైదరాబాద్